బందరు కోట చెప్పిన మాట

దిల్‌సుఖ్‌నగర్ కూడలిలో నిలిచి చూచువారికి మా రోడ్డు ఒక రద్దీ వీధి మాత్రమే. పైన మెట్రో రైలు, క్రింద సిటీ బస్సులు, ఆటోలు, పండ్ల బండ్లు, శిక్షణ కేంద్రముల పేరు పలకలు. ఈ రోడ్డు మీదుగానే మేము ప్రతిదినము కళాశాలకు వచ్చుచున్నాము. ఇది ఎచ్చట మొదలైనది, ఎచ్చట ముగియుచున్నది అని మాలో ఎవ్వరమును విచారించినవారము కాము. ఎల్.బి. నగర్ దాటిన తరువాత విజయవాడకు పోవునని మాత్రము ఎరుగుదుము.

ఒకనాడు చరిత్ర తరగతిలో మా అధ్యాపకులు ఈ ప్రశ్ననే మమ్ములను అడిగినారు. మా మౌనము చూచి వారే సమాధానము చెప్పినారు. "ఇది పూణేలో మొదలై మచిలీపట్నమున సముద్రము దగ్గర ఆగిపోవు 65వ నంబరు జాతీయ రహదారి. 2010కి ముందు దీని నంబరు 9. నంబర్లు లేని కాలములో ఇంచుమించు ఈ దిక్కుననే గోల్కొండ నుండి బందరు రేవుకు బాట ఉండెడిది. మన నగరమునకు సముద్రము లేదని మీరు అనుకొనుచున్నారు. నాలుగు వందల ఏండ్ల క్రిందట ఈ నగరపు సముద్ర ద్వారము బందరే."

ఆ మాట మా మనస్సులో నాటుకొన్నది. ప్రతిదినము నడచు రోడ్డును ఒక్కసారి అయినా దాని చివర వరకు చూచి రావలెనని నిశ్చయించుకొన్నాము. కళాశాల కమిటీవారు దయతో అనుమతించి, బస్సు కిరాయిలో సగము భరించినారు. గత జనవరి మాసములో ఒక శనివారము, ఇంకను చీకటి ఉండగానే, 26 మంది విద్యార్థులము, ఇద్దరు అధ్యాపకులు బయలుదేరినాము. బస్సులో ఉర్దూ విభాగము వారు ముందు వరుసలలోను, తెలుగు విభాగము వారు వెనుక వరుసలలోను కూర్చున్నాము. అట్లు కూర్చుండుమని ఎవరును చెప్పలేదు. కళాశాలలోని అలవాటే బస్సులోకి కూడ ఎక్కినది.

మాలో ఒక సహాధ్యాయిని రాక చివరి వరకు సందేహముగానే ఉండెను. ఆమె తల్లిది దివిసీమ. 1977 నవంబరు 19వ తేదీన వచ్చిన ఉప్పెన వేలాది ప్రాణములను బలిగొన్న నాటికి ఆ తల్లి ఆరేండ్ల పిల్ల. గొడ్లను విప్పుటకు వెళ్ళిన తల్లిదండ్రులు తిరిగి రాలేదు. ఊరిలో ఒక మేడ ఇంటివారు తలుపులు తెరచి, వచ్చిన వారినందరిని కులము అడుగక పైకి ఎక్కించుకొన్నారు. ఆ పిల్ల అట్లు బ్రతికినది. మేనమామ ఇంట పెరిగి, పెండ్లియై ఎల్.బి. నగర్ చేరినది. అప్పటినుండి ఆమె సముద్రమును చూడలేదు. కూతురిని పంపుటకు ఒప్పుకొనలేదు. కాని ఆనాడు తెల్లవారుజామున తానే వచ్చి బస్సు ఎక్కించి, పెరుగన్నపు డబ్బా చేతికిచ్చి, "చేరగానే ఫోను చెయ్యి" అని మాత్రము అన్నది.

మా మొదటి మజిలీ హయాత్‌నగర్. అబ్దుల్లా కుతుబ్ షా గోల్కొండను ఏలిన కాలములో (1626–1672) ఆయన తల్లి హయాత్ బక్షీ బేగం పేర వెలసిన ఊరు ఇది. అచ్చటి పెద్ద మసీదు చుట్టును బాటసారుల కొరకు సరాయి గదులు కట్టించినారు. దగ్గరలోనే ఏనుగు బావి అని పిలువబడు పెద్ద బావి కలదు. బందరు బాటలో పోవు వర్తకులు, యాత్రికులు ఇచ్చట దిగి, నీరు త్రాగి, ఒక రాత్రి తల దాచుకొని సాగిపోయెడివారు. మేము చేరు సమయమునకు ఫజర్ అజాన్ వినవచ్చినది. నమాజు చేయువారు లోనికి వెళ్ళినారు. తక్కినవారము వాకిట నిలిచి కమానుల మీద వెలుతురు మెల్లగా దిగుటను చూచినాము. ఆ కట్టడమునకు ఫిరంగి లేదు, కందకము లేదు. అయినను అది కట్టించిన పని నేటికిని అందులో జరుగుచునే ఉన్నది. ఆ క్షణమున మేము ఈ సంగతిని అంతగా గమనింపలేదు. సాయంకాలమునకు గాని అది మాకు మరల జ్ఞాపకము రాలేదు.

చౌటుప్పల్, సూర్యాపేట, కోదాడ దాటుచుండగా ఉర్దూ అధ్యాపకులు మాకు ఒక ఆట పెట్టినారు. తెలుగువారు నిత్యము వాడు మాటలలో పారసీ, అరబ్బీల నుండి వచ్చినవి ఎన్ని చెప్పగలరో చూతుమన్నారు. ముందు వరుసలవారు ఒకటి చెప్పిన, వెనుక వరుసలవారు మరొకటి. కాగితము, కలము, రసీదు, తారీఖు, దుకాణము, ఖజానా, జామీను, రవాణా. "అసలు మనము పోవుచున్న ఊరి పేరే చెప్పలేదు గదా!" అని తెలుగు అధ్యాపకులు నవ్వినారు. బందరు అనగా పారసీలో ఓడరేవు. ఆ తీరమున అద్దకపు బట్టలకు పేరుపొందిన కలంకారీ కూడ ఆ భాష మాటయే. కలముతో చేయు పని అని దాని అర్థము. చేయు చేతులు తెలుగువారివి, పేరు పారసీది, కట్టువారు లోకమంతట. ఇబ్రహీం కుతుబ్ షాను తెలుగు కవులు మల్కిభరాముడని ప్రేమతో పిలిచిన కాలము కూడ ఈ బాటదే. ఇంతలో తుపాకి అను మాట ఏ భాషదని ముందు వెనుక వరుసలకు వాదము వచ్చినది. నిఘంటువు చూచిన తీరిపోవును. కాని ఆ నిఘంటువు మా కళాశాల వెనుక గదిలోని అలమారులో ఉన్నది. ఆ గదికి తాళము ఉన్నది. వాదము తీరలేదు.

విజయవాడ దాటి ఉయ్యూరు, పామర్రుల మీదుగా చెరకు తోటలు, వరి పొలములు చూచుచు మిట్టమధ్యాహ్నమునకు మచిలీపట్నము చేరినాము. ఇది మిక్కిలి పురాతనమైన రేవు. క్రీస్తు శకము మొదటి శతాబ్దమునాటి ఒక గ్రీకు నావికుని గ్రంథము ఈ తీరమును మసాలియా అని పేర్కొని, ఇచ్చటి సన్నని వస్త్రములను గూర్చి చెప్పినది. గోల్కొండ సుల్తానుల కాలమున ఇది వారి ప్రధాన రేవు. ఇచ్చటి నుండి ఓడలు బట్టలతో, బియ్యముతో, హజ్ యాత్రికులతో ఎర్ర సముద్రమునకును పారసీక తీరమునకును పోయెడివి. వజ్రముల వర్తకుడు తావెర్నియే 1652లో గోల్కొండ సుల్తాను ఓడ మీదనే వచ్చి ఈ రేవున దిగినాడు. 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు, 1669లో ఫ్రెంచివారు అనుమతి పొంది ఇచ్చట కొట్లు పెట్టుకొన్నారు. అందరును మొదట అడిగినది సరుకు దాచుకొనుటకు చోటు మాత్రమే. ఊరిలోని డచ్చి సమాధుల తోటలో రాతి పలకల మీద చెక్కిన అక్షరములను, వంశ చిహ్నములను చూచినాము. ఎంత దూరము నుండి వచ్చి ఎచ్చట నిద్రించుచున్నారో గదా అనిపించినది.

కోట ఊరికి దూరముగా, సముద్రపు దిక్కున బురద నేల నడుమ ఉన్నది. కోట అనగానే గోల్కొండను తలచుకొని వెళ్ళిన మాకు మొదట నిరాశయే కలిగినది. కొండ లేదు, బురుజుల వరుస లేదు. సర్కారు తుమ్మ పొదల నడుమ ఇటుక, సున్నములతో కట్టిన పాత ఆయుధాగారము, గంట కట్టిన గోపురపు శేషము, అక్కడక్కడ విరిగిన గోడలు. అయితే ఆ గోడల దగ్గరకు పోయి చేయి ఆనించి చూచిన తరువాత మా మాటలు తగ్గినవి. మాలో ఇద్దరు చేతులు చాచి నిలిచిన గాని అందనంత దళసరి. ఉప్పు గాలికి పైపూత రాలి, లోపలి ఇటుకలు అరచేతికి పొడిగా అంటుచున్నవి. లోన చల్లగా, గబ్బిలముల వాసనతో, చీకటిగా ఉన్నది. పురావస్తు శాఖవారు దీనిని రక్షిత కట్టడముగా కాపాడుచున్నారు.

ఆ నీడలో కూర్చుండబెట్టి మా అధ్యాపకులు కోట కథ చెప్పినారు. సరుకు కొట్టుగా మొదలైన చోటు మెల్లగా ఆయుధపు కొట్టయినది. వర్తకునకు గోడ కావలెను, గోడకు ఫిరంగి కావలెను, ఫిరంగికి సిపాయి కావలెను, సిపాయి జీతమునకు ఊరి శిస్తు కావలెను. 1750లో ఈ రేవు ఫ్రెంచివారి వశమైనది. సేనాని బుస్సీ హైదరాబాదులో నిజాము దర్బారున ప్రాబల్యము నెరపిన కాలములో ఆయనకు సముద్రపు దారి ఇదియే. 1759లో ఇంగ్లీషు కంపెనీ సేనాని కర్నల్ ఫోర్డు విజయనగరపు రాజు సాయముతో వచ్చి దీనిని ముట్టడించినాడు. లోనివారు ఎక్కువ, బయటివారు తక్కువ. ఆ పైన నిజాము సలాబత్ జంగు సైన్యము ఫ్రెంచివారికి తోడుగా వచ్చుచుండెను. ఏప్రిల్ 7వ తేదీ రాత్రి ఫోర్డు ఒక్కసారిగా కోట మీద పడినాడు. దాటుట అసాధ్యమని లోనివారు నమ్మిన బురద వైపు నుండి కూడ ఒక దళము నడచి వచ్చినది. తెల్లవారునప్పటికి కోట చేతులు మారినది. మే నెలలో సలాబత్ జంగు ఇంగ్లీషువారితో ఒడంబడిక చేసికొని ఈ సీమను వారికి ఇచ్చివేసినాడు. హైదరాబాదు నగరమునకు ఆనాడు సముద్ర ద్వారము మూసుకొన్నది. 1802లో కుదిరిన వర్తక ఒడంబడికలో బందరు రేవును స్వేచ్ఛగా వాడుకొను హక్కు నిజామునకు ఇచ్చినారు. ఒకనాడు తమదైన తలుపును దాటుటకు మరొకరి అనుమతి వ్రాయించుకొనవలసి వచ్చినది.

ఫ్రెంచివారి పేరు వినగానే మాకు మా పేట జ్ఞాపకము వచ్చినది. దిల్‌సుఖ్‌నగర్‌కు కూతవేటు దూరములో, ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద నిజాము కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ సమాధి కలదు. ఆయన 1798లో మరణించినాడు. ఆ ఏడే ఆయన తయారుచేసిన సైన్యమును ఇంగ్లీషువారు నిరాయుధము గావించినారు. బందరులో మొదలైన కథకు చివరి పుట మా వీధి ప్రక్కనే ఉన్నదన్న మాట. ఆ పేరును ముసల్మానులు మూసా రహీం అనియు, హిందువులు మూసా రాం అనియు పలికినారని చెప్పుదురు. అదియే నేటి మూసారాంబాగ్. ఫిరంగులు పోసిన సేనాని పేరును ఫిరంగులు నిలుపలేదు, రెండు మతముల నాలుకలు నిలిపినవి.

కోటను ఫిరంగి నుండి కాపాడుకొన్న ఇంగ్లీషువారు సముద్రము నుండి కాపాడుకొనలేకపోయినారు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి పెనుగాలితో ఉప్పెన వచ్చినది. ఊరిలోను, చుట్టుప్రక్కలను సుమారు 30,000 మంది మరణించినారు. ఆ తరువాత సైన్యము ఈ చోటు విడిచినది. ఓడలు నీటి లోతు చాలక మైళ్ళ దూరముననే లంగరు వేయవలసిన రేవు ఇది. రైళ్ళు వచ్చిన పిమ్మట, 1933లో విశాఖపట్నము రేవు తెరచిన పిమ్మట దీని వ్యాపారము మరింత తగ్గినది. కాని ఊరు చావలేదు. సిపాయిలకు పేరైన ఊరు చదువులకు పేరైనది. 1843లో నోబుల్ పాఠశాల, 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల ఇచ్చటనే వెలసినవి. మంగినపూడి వైపున కొత్త ఓడరేవుకు 2023 మే నెలలో శంకుస్థాపన జరిగినది.

కోట నుండి గిలకలదిండి చేపల రేవుకు వెళ్ళినాము. వలలు బాగుచేసికొనుచున్న ఒక వృద్ధుడు మమ్ములను చూచి, "ఏం బాబూ, హైదరాబాదు నుంచా? కోట చూశారా?" అని పలుకరించినాడు. చూచినామని, గోడలు చాల దళసరిగా ఉన్నవని చెప్పినాము. ఆయన నవ్వి, "గోడ దళసరి ఎవరికి బాబూ? ఫిరంగికి. సముద్రానికి దళసరితో పనేముంది? ఎత్తు కావాల. ఎత్తు లేకపోతే పైనుంచి వచ్చేస్తది. డెబ్బై ఏడులో నాకు ఇరవై ఏళ్ళు. ఆ రాత్రి మేడ మీదికి రానిచ్చినోళ్ళ పేర్లు ఇప్పటికీ చెప్తాను. తలుపు తియ్యనోళ్ళ పేర్లు కూడా చెప్తాను," అన్నాడు. ఆ ఉప్పెన తరువాత ఈ తీరమున స్తంభముల మీద ఎత్తుగా తుఫాను రక్షణ భవనములు కట్టినారు. వాటికి తలుపు ఉండుట మూయుటకు కాదు, తెరచుటకు.

మా సహాధ్యాయిని ఈ మాటలు వినుచు కొంచెము ఎడముగా నిలుచుండెను. తరువాత తల్లికి ఫోను చేసినది. మేము దగ్గరనే ఉన్నందున వినబడినది. కోట ఎట్లున్నదని గాని, భోజనము చేసితివా అని గాని ఆ తల్లి అడుగలేదు. "నీళ్ళు ఎంత దూరములో ఉన్నవి?" అని అడిగినది. దూరముగానే ఉన్నవని కూతురు చెప్పినది. కొంతసేపు ఇరువురును మాటలాడలేదు. "ఒక్కసారి వినిపించు" అన్నది తల్లి. ఆమె ఫోనును సముద్రము వైపు చాచి పట్టుకొన్నది. మేమందరము పడవల దగ్గర కదలక నిలిచినాము. ఏబది ఏండ్లకు దగ్గరగా ఎడబాసిన ధ్వని ఎల్.బి. నగర్‌లోని ఒక ఇంటికి అట్లు చేరినది.

తిరుగు ప్రయాణములో చాలసేపు ఎవరమును మాటలాడలేదు. మెల్లగా ఆ గోడల గురించియే మాటలు మొదలైనవి. ఒకే నేల మీద సరుకు కొట్టు, కోట, ఆయుధాగారము, శిథిలము, ఇప్పుడు చూపరుల స్థలము. ఎవరు ఏ పనికి వాడుకొన్నను, అవతలివారిని లోనికి రానీయకుండుటకు వాడిన కాలమే దానికి చివరి కాలమైనది. హయాత్‌నగర్ సరాయిలో అట్టి తలుపు లేదు. మా రోడ్డు మీదనే, సరూర్‌నగర్ దగ్గర విక్టోరియా మెమోరియల్ ఉన్నది. నిజాము ఆరవ మహబూబ్ అలీ ఖాను కాలమున రాజ భవనముగా కట్టినది. విక్టోరియా రాణి 1901లో మరణించిన తరువాత ఆమె స్మారకముగా అనాథ బాలల నిలయమైనది. రాజ భవనముగా దానిని ఎందరు తలచుకొందురో గాని, దిక్కులేని పిల్లలకు నీడయైన భవనముగా ఊరు ఎరుగును. కట్టడమునకు ఆయువు గోడలో లేదు, వాడుకలో ఉన్నది. ఆ వాడుకలో కూడ తలుపు ఎవరికొరకు తెరచుచున్నారో అందులో ఉన్నది.

ఈ మాట వ్రాయుచున్నప్పుడు మాకు మా కళాశాల వెనుక గది కనుల ముందు నిలిచినది. అందు రెండు అలమారులు కలవు. ఒకదానిలో ఉర్దూ గ్రంథములు, ఒకదానిలో తెలుగు గ్రంథములు. పైకప్పు కారుచున్నదని కొన్ని ఏండ్ల క్రిందట దానికి తాళము వేసినారు. విరిగిన బల్లలు అందులో చేరినవి. దానిని తీసివేసి, వాహనములు నిలుపు చోటు చేయవలెనని ఆలోచన జరుగుచున్నట్లు వింటిమి. చోటు ఇరుకని, వాహనములు పెరిగినవని మేమును ఎరుగుదుము. కమిటీ పెద్దల కష్టము మాకు తెలియనిది కాదు. అయినను మనవి చేసికొనుచున్నాము. కప్పు బాగుచేయుటకు అగు ఖర్చులో కొంత మేము చందాగా ఇచ్చుకొందుము. సున్నము మేమే వేసికొందుము. రెండు అలమారులకు నడుమ ఒకే పొడుగు బల్ల వేయించిన చాలును. అది వాహనముల చోటు అయినచో మరల గది కాదు. గదిగా తెరచినచో, ఉర్దూ విభాగము, తెలుగు విభాగము ఒక నిఘంటువు కొరకైనను ఒకే బల్ల దగ్గర కూర్చుందుము.

బస్సు హయాత్‌నగర్ దాటునప్పటికి రాత్రి చాల ప్రొద్దుపోయినది. మసీదు వాకిట ఒక దీపము వెలుగుచుండెను. ఎల్.బి. నగర్‌లో మా సహాధ్యాయిని దిగునప్పుడు ఆమె తల్లి రోడ్డు ప్రక్కన వేచియుండెను. కూతురి చేతిని పట్టుకొని, మా అందరి వైపు చూచి, "మళ్ళీ ఎప్పుడైనా పోతే నన్ను కూడా తీసుకుపోండి బాబూ" అన్నది.

తప్పక తీసికొని పోవుదుమని మాట ఇచ్చినాము. అంతలోగా ఆ గది తలుపు తెరచుకొన్నచో, తుపాకి ఏ భాష మాటయో కూడ చూచి ఆమెకు చెప్పుదుము.